గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత ఒంటేలు ఇబ్బందా? గడియారం చూసి వెళ్ళండి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన ఆడవాళ్ళు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి విశాఖలోనో బరంపురంలోనో కటక్‌లోనో పెద్దాపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చాక, కుట్లు మానాయా అని అందరూ అడుగుతారు గానీ ఒంటేలు సరిగ్గా అవుతోందా అని ఎవరూ అడగరు. ఆమె సిగ్గుపడి చెప్పదు. పెళ్ళిళ్ళకీ సంతకీ వెళ్ళడం మానేస్తుంది.

ఈ ఆపరేషన్‌లో గర్భసంచితో పాటు దాని పక్కనున్న కండా తీసేస్తారు, మూత్రాశయానికి వెళ్ళే సన్నటి నరాలు అక్కడే ఉంటాయి. అవి దెబ్బతింటే మూత్రం నిండినా తెలియదు, లేదా పూర్తిగా ఖాళీ అవదు, లేదంటే దగ్గినా తుమ్మినా కారిపోతుంది. చాలామందికి నెలలు గడిచేకొద్దీ మెరుగవుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది.

ఆపరేషన్‌కి పెట్టిన మూత్రం పైపు తీశాక, వస్తున్నట్టు అనిపించేదాకా ఆగొద్దు. పగలు మూడు గంటలకోసారి ఫోన్‌లో అలారం పెట్టుకుని వెళ్ళండి, పడుకునే ముందు కూడా. సగం లేచి హడావుడిగా కాకుండా పూర్తిగా కూర్చోండి. అయిపోయిందనుకున్నాక ఒక నిమిషం ఆగి, కాస్త ముందుకు వంగి మళ్ళీ ప్రయత్నించండి. ముక్కడం, పొట్ట నొక్కుకోవడం మాత్రం డాక్టర్ చెబితే తప్ప వద్దు.

కారుతోందని నీళ్ళు మానేయకండి, దయచేసి. మూత్రం చిక్కబడి మంట, ఇన్ఫెక్షన్ వస్తాయి. గుండె, కిడ్నీ జబ్బు లేకపోతే రోజుకి 1.5 నుంచి 2 లీటర్లు తాగాలి, అంబలి, మజ్జిగ కూడా లెక్కలోకే వస్తాయి. టీ తగ్గించండి. మలబద్ధకం ఉంటే ఒంటేలు ఇంకా ఇబ్బంది పెడుతుంది, దానికీ మందు అడగండి.

చెకప్‌కి వెళ్ళే ముందు మూడు రోజులు, ఎప్పుడు వెళ్ళారో, కొలత కప్పులో ఎంత వచ్చిందో, ఎప్పుడు కారిందో నోట్‌బుక్‌లో రాయండి, చదువు రానివాళ్ళకి పిల్లలు రాసిపెట్టాలి. అక్కడ "పోసుకున్నాక లోపల ఎంత మిగిలిందో స్కాన్ చెయ్యండి" అని మీరే అడగండి. ఎక్కువ మిగులుతుంటే సన్న గొట్టంతో మీరే రోజుకి కొన్నిసార్లు తీసుకోవడం నర్సు నేర్పుతుంది. మొదట భయమేస్తుంది, కానీ సబ్బుతో చేతులు కడుక్కుని అద్దం పెట్టుకుని చేస్తే అలవాటవుతుంది. రోజంతా మూత్రం బ్యాగు తగిలించుకుని ఉండడం కన్నా ఇది చాలా నయం.

దగ్గితే కారేవాళ్ళు, డాక్టర్ సరేనన్నాక, గ్యాస్ ఆపుకున్నట్టు కింది కండరాలు బిగించి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు, రోజుకి మూడు విడతలు, కనీసం మూడు నెలలు చేయాలి. ఒంటేలు పోసుకుంటూ మాత్రం చెయ్యొద్దు. మూత్రం పూర్తిగా ఖాళీ అవనివాళ్ళు ముందు అడిగి మొదలెట్టాలి. ప్యాడ్ తడవగానే మార్చుకోండి, చర్మం ఒరిస్తే కొబ్బరినూనె రాయండి.

విశాఖ చెకప్‌కి వీలైతే బస్సు కాకుండా రైలే ఎక్కండి, బాత్రూమ్ ఉంటుంది గనక దారిపొడవునా ఆపుకోనక్కర్లేదు, నీళ్ళు మానుకోనక్కర్లేదు.

చలి జ్వరం, నడుము పక్కన నొప్పి, పొట్ట ఉబ్బి అసలు ఒంటేలు రాకపోవడం, ఇవి కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. రాత్రీ పగలూ ఆగకుండా నీళ్ళలా కారుతుంటే మూత్రాశయానికో మూత్రనాళానికో చిల్లు పడి ఉండొచ్చు, ఆపరేషన్ చేసిన డాక్టర్‌కి వెంటనే చూపించండి. రేడియేషన్ కూడా అయినవాళ్ళకి ఏళ్ళు గడిచాక సైతం మూత్రంలో రక్తం పడొచ్చు, అప్పుడు పాత డిశ్చార్జి కాగితాలు, రేడియేషన్ కాగితాలు రెండూ పట్టుకెళ్ళండి.