డ్యూయల్ బూట్ ట్యాబ్‌లో చెయ్యి పెట్టే ముందు

మొన్న ఒక ట్యాబ్ నా చేతికొచ్చింది. పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే వీపు కాస్త వెచ్చబడుతుంది, స్క్రీన్ మాత్రం వెలగదు. అసలు దానికున్న జబ్బు ఏమిటయ్యా అంటే, ఆండ్రాయిడ్‌లోకి వెళ్లినప్పుడు టచ్ అప్పుడప్పుడూ మొండికేయడం. అంతే. దానికి దాన్ని తెచ్చిన కుర్రాడు ట్యాబ్ వెనకున్న మోడల్ పేరు పట్టుకుని వెతికి, అదే పేరుతో దొరికిన ‘లేటెస్ట్’ బయోస్ (ఆన్ చేయగానే ట్యాబ్‌ని మేల్కొలిపే మొదటి ప్రోగ్రామ్) ఫైల్ దించి ఎక్కించేశాడు. బార్ చివరిదాకా నిండింది, సక్సెస్ అని కూడా వచ్చింది. రీస్టార్ట్ కొట్టాడు. మళ్లీ లేవలేదు.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాక ఇలాంటివి నా దగ్గరికి ఎక్కువే వస్తున్నాయి. సొరుగుల్లో పడున్న పాత ట్యాబ్‌లు తీసి, ఏదో ఒకటి చేసి వాడుకుందామని అందరూ మొదలుపెడుతున్నారు. ఇంటెల్ ఆటమ్ జెడ్3735ఎఫ్, జెడ్8300, జెడ్8350 లాంటి ప్రాసెసర్, 2 లేదా 4 జీబీ ర్యామ్, 32 లేదా 64 జీబీ స్టోరేజ్, ఒక పక్క విండోస్, ఇంకో పక్క ఆండ్రాయిడ్ (డ్యూయల్ బూట్ అంటే ఇదే): నేను చెప్పేది ఈ జాతి గురించే. ఫొటోలు కాపీ చేసి పెట్టుకోండి లాంటివి మీకు తెలుసు, వాటి జోలికి పోను.

పేరు చూసి బయోస్ ఎక్కించొద్దు

ఈ చవక ట్యాబ్‌లలో ఒకే మోడల్ పేరుతో లోపల వేరే వేరే బోర్డులు ఉంటాయి. ఆ బ్యాచ్ తయారయ్యే నాటికి ఏ స్క్రీన్ ప్యానెల్, ఏ టచ్ చిప్, ఏ మెమరీ చవగ్గా దొరికితే అది వేసేస్తారు, దానికి తగ్గట్టు బయోస్ మారుస్తారు, డబ్బా మీద పేరు మాత్రం మార్చరు. అసలు గుర్తు వెనక వైపు కింద, పేరు కన్నా చిన్న అక్షరాల్లో చెక్కి ఉండే ఐడీ కోడ్ లేదా సీరియల్ నంబర్‌లోని మొదటి కొన్ని అక్షరాలు. అది అరిగిపోయి కనిపించకపోతే విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి, బయోస్ వెర్షన్, తేదీ, బేస్‌బోర్డ్ (లోపలి మెయిన్ బోర్డు) వివరాలు చూడండి. దించిన ఫైల్ ఆ వెర్షన్ వరసలోది కాకపోతే అది మీది కాదు. మీ ట్యాబ్ లాంటి ట్యాబ్‌దే కావచ్చు, అయినా మీది కాదు.

ఎక్కించే టూల్ ఆపుతుందిలే అనుకుంటారు. చాలావాటికి ఆ తెలివి లేదు. ఫైల్ సైజు సరిపోతే రాసేస్తాయి. సక్సెస్ అంటే రాయడం పూర్తయిందని, అంతే.

ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది. కంపెనీ వేసిన విండోస్ లైసెన్స్ కీ సాధారణంగా ఆ బయోస్ చిప్‌లోనే ఉంటుంది. వేరేవాళ్ల ట్యాబ్ నుంచి తీసిన డంప్ (బయోస్ మొత్తం కాపీ) ఎక్కిస్తే, అదృష్టం బాగుండి బూట్ అయినా మీ కీ ఎగిరిపోతుంది. అందుకని ముట్టుకునే ముందు ఇంటెల్ ఎఫ్‌పీటీ (బయోస్ చిప్‌ని చదివే, రాసే ప్రోగ్రామ్)తో మీ బయోస్‌ని మొత్తం ఒక ఫైల్‌గా తీసి, ట్యాబ్ బయట ఎక్కడైనా దాచండి. ట్యాబ్ బ్రిక్ అయిన (ఇటుకలా లేవకుండా పడిపోయిన) రోజున ప్రపంచంలో మీకు సరిగ్గా సరిపోయే ఫైల్ అదొక్కటే.

అసలు బయోస్ మార్చాల్సిన అవసరం ఎందరికి ఉంటుందని? టచ్ పని చేయకపోతే డ్రైవర్ చూడాలి, స్లో అయితే స్టోరేజ్ చూడాలి. బయోస్ అప్‌డేట్‌తో ట్యాబ్ స్పీడ్ పెరిగిందని చెప్పేవాణ్ని నమ్మకండి.

పార్టిషన్లు, టచ్ డ్రైవర్

డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే పేరూ ఊరూ లేని చిన్న చిన్న పార్టిషన్లు (స్టోరేజ్‌లో విడగొట్టిన భాగాలు) వరసగా కనిపిస్తాయి. చెత్తేమో అనిపిస్తుంది. వాటిలో చాలావరకు ఆండ్రాయిడ్‌వే. రెండు సిస్టమ్‌లూ ఒకే ఈఎంఎంసీ (స్టోరేజ్) చిప్‌ మీద ఉన్నాయి, దాన్ని బోర్డుకి టంకం వేసి అతికించేశారు. చోటు కోసం వాటిని డిలీట్ చేసినా, విండోస్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అన్నీ తుడిచేసినా ఆండ్రాయిడ్ పోతుంది. దాన్ని తిరిగి తెచ్చుకుందామని ఫ్లాష్ టూల్ (ఆండ్రాయిడ్‌ని చిప్‌లోకి రాసే ప్రోగ్రామ్) పెడితే అది పార్టిషన్ టేబుల్ మొత్తం కొత్తగా రాసి విండోస్‌ని తుడిచేస్తుంది. రెండూ మళ్లీ వేయాలంటే ముందు ఆండ్రాయిడ్, తర్వాత మిగిలిన చోట విండోస్. ఈ వరస తిరగేస్తే పని రెండింతలు.

విండోస్ కొత్తగా వేసే ముందు, ఇప్పుడు నడుస్తున్న విండోస్ నుంచే డిస్మ్ అనే విండోస్ కమాండ్‌తో డ్రైవర్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయండి. సైలీడ్ కంపెనీ టచ్ చిప్ ఉన్న ట్యాబ్‌లలో ఇది ప్రాణం. ఆ చిప్‌ని నడిపే ఫర్మ్‌వేర్ (చిప్ లోపలి ప్రోగ్రామ్) డ్రైవర్‌తోపాటే లోడ్ అవుతుంది, అందులో మీ గ్లాసు కొలతలు, దిక్కులు ఉంటాయి. వేరే ట్యాబ్‌ది వేస్తే కుడి మూల నొక్కితే ఎడమ మూల తెరుచుకుంటుంది, లేదా వేలు కిందికి జరిపితే పేజీ అడ్డంగా పోతుంది. ఇక్కడా అదే తప్పు చూడండి, పేరు చూసి డ్రైవర్ దించుకోవడం. మీ దాంట్లోంచి తీసిందే మీది.

ఇక మిగతావి

ర్యామ్ పెంచుతాం అనేవాడి దగ్గరికి వెళ్లకండి. ర్యామ్ కూడా బోర్డుకి అతుక్కునే ఉంది. మీరు చేయగల అప్‌గ్రేడ్ మంచి మైక్రో ఎస్‌డీ కార్డు, కాంపాక్ట్ ఓఎస్ (విండోస్ ఫైళ్లని కుదించే సదుపాయం) ఆన్ చేసి ఒకటో రెండో జీబీ మిగుల్చుకోవడం. అంతకు మించి లేదు.

విండోస్ 11 బలవంతంగా వేయకండి. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ ఉన్నా ఈ ఆటమ్ ప్రాసెసర్లు దానికి పనికొచ్చే వాటి జాబితాలో లేవు.

జెడ్3735ఎఫ్ 64 బిట్ ప్రాసెసరే, కానీ ఆ ట్యాబ్‌లలో దాదాపు అన్నిటికీ యూఈఎఫ్ఐ (కొత్త తరహా బయోస్) 32 బిట్‌ది. 64 బిట్ విండోస్ పెన్‌డ్రైవ్ బూట్ కాదు. బూట్ కాలేదని బయోస్ మార్చేస్తున్నారు, అక్కడే కొంప మునుగుతోంది.

ఒకటే పోర్ట్ ఉంటే ఓటీజీ హబ్ (ఒక పోర్ట్‌కి చాలా పరికరాలు తగిలించేది) పెట్టాక చాలా ట్యాబ్‌లు చార్జ్ కావు. కీబోర్డు, మౌస్, పెన్‌డ్రైవ్ మూడూ ఆ బ్యాటరీనే తింటాయి. నిండా చార్జ్ లేకుండా ఇన్‌స్టాల్ మొదలుపెట్టొద్దు. బయోస్ అయితే అసలే వద్దు.

నెలల తరబడి పక్కన పడేసిన ట్యాబ్ ఆన్ కాకపోతే దాని సొంత చార్జర్‌కి పెట్టి కొన్ని గంటలు వదిలేయండి. చచ్చిపోయిందని తేల్చేయకండి.

గుండ్రటి పిన్ సరిపోయింది కదా అని వేరే అడాప్టర్ గుచ్చొద్దు. కొన్ని ట్యాబ్‌లు 5 వోల్టులవి, కొన్ని 12 వోల్టులవి.

డివైస్ ఎన్‌క్రిప్షన్ (డేటాకి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూసి, రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. బయోస్ మారితే విండోస్ ఆ కీ అడుగుతుంది.

బయోస్ మెనూలో ఏది మార్చినా ముందు ఆ పేజీ ఫొటో తీయండి. డిస్‌ప్లే, ప్యానెల్ అన్న మాట కనిపించినచోట వేలు పెట్టొద్దు. స్క్రీన్ పోయాక మళ్లీ ఆ మెనూలోకి ఎలా వెళ్తారు?

డిలీట్ చేసిన ఫైల్ రీస్టార్ట్ చేయగానే మళ్లీ ప్రత్యక్షమవుతోందా? ఈఎంఎంసీ అరిగిపోయి రాయడం మానేసి ఉంటుంది. కనిపిస్తున్న డేటా అంతా ఆ రోజే కాపీ చేసుకోండి. మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసి లాభం లేదు.

ఆండ్రాయిడ్ నుంచి విండోస్‌కి మారితే టైమ్ గంటల తేడాతో చూపించడం జబ్బు కాదు, సరిచేసుకుంటే చాలు. దీనికి బయోస్ మార్చినవాళ్లు కూడా ఉన్నారు!

ఇంత చెప్పాక కూడా పేరు చూసి ఎక్కించి బ్రిక్ చేసుకుంటే, సీహెచ్341ఏ ప్రోగ్రామర్ (చిప్‌లోకి బయటినుంచి ఫైల్ రాసే చిన్న పరికరం) తెచ్చి నేరుగా తగిలించొద్దు. వీటిలో చాలావాటి బయోస్ చిప్ 1.8 వోల్టులది, ఆ ప్రోగ్రామర్ ఇచ్చేది 3.3. మధ్యలో 1.8 వోల్టుల అడాప్టర్ ఉండాలి. చిప్‌ని పట్టుకునే క్లిప్ పెట్టే ముందు బ్యాటరీ కనెక్టర్ తీసేయాలి. రాసే ముందు చిప్‌లో ఉన్నది రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లూ ఒకటేనని సరిచూసుకోవాలి. తేడా వస్తే క్లిప్ సరిగా కూర్చోలేదు, రాయొద్దు. ఎఫ్‌పీటీతో తీసి దాచిన ఫైల్ ఉంటే అదే రాయండి. లేకపోతే మూత తీశారు కాబట్టి బోర్డు మీద అచ్చయిన నంబర్ చూసి, ఆ నంబర్‌కే ఫైల్ వెతకండి.

మూత తీసేటప్పుడు బ్యాటరీ ఉబ్బి ఉంటే, లేదా తీయకముందే స్క్రీన్ అంచు ఒక పక్క లేచి కనిపిస్తే, చార్జర్ పీకేయండి, కత్తిమొనలాంటిదేదీ దానికి తగలనివ్వకండి, ఆ బ్యాటరీ మార్చేదాకా మిగతా పనులేవీ పెట్టుకోవద్దు.