దసరాకు బెజవాడ వెళ్లేవారు గుడికీ బజారుకూ వేర్వేరు రోజులు పెట్టుకోవాలి

దసరా శరన్నవరాత్రుల్లో కనకదుర్గమ్మ దర్శనానికి బయటి ఊళ్ల నుంచి వచ్చే కుటుంబాలు చాలావరకు ఉదయమే రైలో బస్సో దిగి, వన్‌టౌన్‌లో బట్టలు, గాజులు, పూజాసామగ్రి కొనుక్కుని, ఆ సంచులతోనే ఇంద్రకీలాద్రికి బయలుదేరతాయి. రానుపోను ఖర్చు కలిసివస్తుందన్న లెక్క అర్థమయ్యేదే గాని, ఈ రెండు పనులూ ఒకే రోజున పెట్టుకోవడం మంచిది కాదు. జనం ఒత్తిడిలో మనిషిని కాపాడేవి ఖాళీగా ఉన్న రెండు చేతులు, సంచులు ముందుగా ఆక్రమించేదీ వాటినే. ఒక్క రోజే వీలయ్యేవారు దర్శనం ముందు ముగించుకుని బజారును తరువాతకు ఉంచుకోవాలి.

రోజును ఎంచుకోవడంతోనే సగం జాగ్రత్త పూర్తవుతుంది. మూలా నక్షత్రం నాడు అమ్మవారు సరస్వతీదేవిగా దర్శనమిస్తారు గనుక పిల్లల చదువు కోసం మొక్కుకున్న తల్లిదండ్రులంతా ఆ రోజుకే వస్తారు. ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు సమర్పించేదీ ఆనాడే కావడంతో ప్రముఖుల రాకపోకల వేళ క్యూ నిలిచిపోయే అవకాశం ఎక్కువ. విజయదశమికి అటూ ఇటూ ఎర్రని దుస్తుల్లో భవానీలు, అంటే అమ్మవారి దీక్ష తీసుకున్న భక్తులు, కాలినడకన వేలాదిగా చేరుకుంటారు. చంటిబిడ్డలు, గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవారు ఇంట్లో ఉంటే ఉత్సవాల తొలి రోజుల్లో, అదీ ఆదివారం కాని రోజున వెళ్లడం మేలు. అమ్మవారు ఏ అలంకారంలో ఉన్నా అమ్మవారే గదా!

బజారు విషయానికి వస్తే, కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల వీధులు, బట్టల దుకాణాల సముదాయమైన వస్త్రలత వైపు సందులు పండుగ లేని రోజుల్లోనే ఇరుకు. బస్తాలు మోసే ముఠా కార్మికులు, సరకుతో వచ్చే ట్రాలీ ఆటోలు ఉన్నట్టుండి ఆగలేవు, తప్పుకోవలసింది నడిచేవాళ్లే. బేరమాడుతూ వీధి మధ్యన నిలబడకుండా దుకాణం మెట్టెక్కి మాట్లాడాలి. బంగారం వేసుకుని రాకపోవడం అన్నిటికన్నా సుఖం. మంగళసూత్రం తీయలేనివారు దాన్ని జాకెట్టు లోపలికి వేసుకుని, పైటను పిన్నుతో బిగించుకోవాలి. బట్టల మీద ఏదో పడిందనో, కింద నోట్లు పడ్డాయనో ఎవరైనా పనిగట్టుకుని చెబితే ముందు పర్సును పట్టుకుని, ఆ తరువాత కిందికి చూడాలి. డబ్బును రెండు చోట్ల దాచుకోవాలి, ఎందుకంటే ఈ రోజుల్లో ఫోన్ పోతే దానితోపాటు చెల్లింపులు, రైలు టికెట్టు, ఇంటివాళ్ల నంబర్లు అన్నీ పోతాయి.

ఆలయంలోకి ఫోన్లను అనుమతించరు గనుక విడిపోయినవాళ్లు ఒకరినొకరు పిలుచుకునే మార్గం ఉండదు. అందుచేత కెనాల్ రోడ్డులోని వినాయకుడి గుడి దగ్గర క్యూలో చేరకముందే, కొండ దిగాక ఎక్కడ కలుసుకోవాలో నిర్ణయించుకోవాలి. ‘కిందనే ఉంటాం’ అనుకోవడం చాలదు, ఒక దుకాణం పేరో చెప్పుల స్టాండో గుర్తుగా పెట్టుకోవాలి. పిల్లల ముంజేతి మీద పెన్నుతో ఫోన్ నంబరు రాయాలి, వృద్ధుల జేబులో నంబరు, చిరునామా రాసిన చీటీ ఉంచాలి. ఉపవాసంతో ఎండలో గంటలకొద్దీ నిలబడటం మధుమేహానికి మందులు వాడేవారికి ప్రమాదకరం: చెమటలు, వణుకు, తికమక మొదలయ్యాయంటే రక్తంలో చక్కెర పడిపోతోందని అనుమానించి, స్పృహలో ఉన్నవారికి వెంటనే చక్కెరో బెల్లమో తినిపించాలి. ఒక్కపొద్దు పేరుతో మందుల వేళలు మార్చుకునేవారు ముందే వైద్యుణ్ణి అడగాలి.

తొక్కిసలాట అన్న మాట వినగానే కాళ్ల కింద నలిగిపోవడమే గుర్తుకు వస్తుంది గాని, నిలబడినవారు సైతం ఛాతీ మీద ఒత్తిడి పడి ఊపిరాడక ప్రాణాలు కోల్పోతారు. జనంతో పాటు శరీరం తనంతట తాను ఊగుతోందంటే జనం ఆ చోటు పట్టనంతగా పెరిగిపోయారని గ్రహించాలి. అప్పుడు రెండు ముంజేతులను ఛాతీకి ముందు అడ్డుగా మడిచి ఊపిరికి చోటు ఉంచుకోవాలి. ఎదురు తోయకుండా, ఒత్తిడి తగ్గిన క్షణాల్లో ఏటవాలుగా అంచు వైపుకు జరగాలి. చెప్పు, సంచి, ఏది జారిపోయినా వంగకూడదు. గేటు తెరుస్తారని అందరూ ముందుకు ఒరిగే చోట ఉండకూడదు: 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర గేటు తెరిచినప్పుడే ఆరుగురు చనిపోయారు. అంచుకు జరగమన్నామని రెయిలింగ్‌ను నమ్ముకోకూడదు. అదే ఏడాది నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలోని వెంకటేశ్వరస్వామి గుడిలో రెయిలింగ్ ఊడిపోయి తొమ్మిది మంది మరణించారు. హరిద్వార్ మానసాదేవి గుడి మెట్ల దారిలో 2025 జూలైలో కరెంటు తీగ తెగిందన్న పుకారే ప్రాణాలు తీసింది, కాబట్టి ఎవరో అరిచిన మాటను విని పరుగెత్తడం గాని, దాన్ని వెనక్కి అందించడం గాని చేయకూడదు.

దసరా నాటికి వానలు పూర్తిగా వెనక్కి తగ్గవు. 2020 అక్టోబరు 21న, మూలా నక్షత్రం నాడే, ఇంద్రకీలాద్రి మీద కొండచరియలు విరిగిపడ్డాయి. పెద్ద వాన కురిసినప్పుడు కొండగోడను ఆనుకుని తలదాచుకోకుండా సిబ్బంది చూపిన వైపుకు నడవాలి. కృష్ణలో ప్రవాహం ఉన్నప్పుడు ఘాట్‌లో ఏర్పాటు చేసిన జల్లుల కింద స్నానం చేయడమే క్షేమం. ప్రకాశం బ్యారేజీ దగ్గర్లోనే ఉంటుంది, గేట్లు ఎత్తితే నీటి వేగాన్ని ఈత వచ్చినవారు కూడా తట్టుకోలేరు. తడి పాదాలతో మెట్లు దిగేటప్పుడు పిల్లలను ఎత్తుకోవడం కన్నా చేయి పట్టుకుని నడిపించడం మంచిది.

ఎవరైనా తప్పిపోతే గుంపులో అందరూ తలో దిక్కుకు వెతకబోకూడదు. ఒకరు అనుకున్న చోటనే నిలబడాలి, మరొకరు దగ్గరలోని పోలీసు శిబిరానికి వెళ్లి వేసుకున్న బట్టల రంగుతో సహా వివరాలు చెప్పి మైకులో పిలిపించాలి. పోలీసు సాయానికి 112, అంబులెన్సుకు 108 నంబర్లను పిల్లలకు కూడా ముందే నేర్పాలి. తిరుగు రైలును దర్శనం వేళకు దగ్గరగా పెట్టుకోకుండా కనీసం రాత్రి బండికి టికెట్టు తీసుకోవాలి. బండి అందదేమోనన్న ఆదుర్దా పట్టుకున్నవారే క్యూలో ముందువాళ్లను తోస్తుంటారు.