క్యాంపర్ వ్యాన్ ఫ్రిజ్ కూల్ కావట్లేదా? గ్యాస్ ఎక్కించే ముందు ఇవి చూడండి

మే నెలలో నల్గొండ నుంచి సాగర్ వైపు పోతుంటే బయట 44, 45 డిగ్రీలు ఉంటుంది. అద్దాలు మూసి ఎండలో ఆపిన వ్యాన్ లోపల 50 దాటడం మామూలే. ఆ వేడికి ఫ్రిజ్‌లో పాలు విరిగితే మనం మొదట అనే మాట "గ్యాస్ అయిపోయినట్టుంది". కానీ ఫ్రిజ్ గ్యాస్ సీలు వేసిన పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది, వాడితే అయిపోయేది కాదు, ఎక్కడో లీకైతేనే తగ్గుతుంది. మన ఎండల్లో వ్యాన్ ఫ్రిజ్‌కి వచ్చే తిప్పలు చాలావరకు రెండే: వెనకాల వేడి బయటికి పోయే దారి లేకపోవడం, వైరులో వోల్టేజి పడిపోవడం. ముందు ఇవి చూసుకోండి, అప్పుడు కూడా బాగుకాకపోతేనే గ్యాస్ సంగతి. కింద రాసింది 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ గురించి, వంటగ్యాస్ సిలిండర్ మంట మీద నడిచే ఫ్రిజ్ గురించి చివర్లో చెప్తాను.

సమస్య: రాత్రిపూట బాగానే ఉంటుంది, మధ్యాహ్నం కూలింగ్ ఉండదు, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది

ఇది వేడి సమస్య. ఫ్రిజ్ చల్లదనాన్ని తయారుచేయదు, లోపలి వేడిని తీసుకెళ్లి వెనకున్న కండెన్సర్ జాలీలో వదిలేస్తుంది. ఆ జాలీ చుట్టూ గాలే 55 డిగ్రీలుంటే వేడి ఎక్కడికి పోతుంది? ప్లైవుడ్ బాక్సులో ఫ్రిజ్‌ని బిగుతుగా దూర్చి, ముందు నీటుగా బీడింగ్ కొట్టిన వ్యాన్లలో ఇది బాగా కనిపిస్తుంది.

తేల్చుకోవడం తేలికే. ఫ్రిజ్‌ని ఒక జానెడు ముందుకు లాగి, వెనకకి ఒక టేబుల్ ఫ్యాన్ పెట్టి గంటసేపు నడవనివ్వండి. అప్పటిదాకా ఆగని కంప్రెసర్ మధ్యమధ్యలో ఆగడం మొదలుపెడితే ఫ్రిజ్‌లో ఏ లోపమూ లేదు, బాక్సుదే తప్పు.

బాక్సు కింద, ఫ్రిజ్ అడుగు దగ్గర గాలి లోపలికి వచ్చేలా ఒక కంత, పైన వెనకాల బయటికి పోయేలా ఇంకోటి పెట్టించండి. పైదాని దగ్గర కంప్యూటర్లలో వాడే 12 వోల్టుల పెద్ద ఫ్యాన్ బయటికి ఊదేలా బిగించండి, అది తాగే కరెంటు చాలా తక్కువ. చాలామంది ఇక్కడే ఆపేస్తారు, అసలు పని ఇంకొకటుంది: ఫ్రిజ్‌కీ బాక్సుకీ మధ్య పక్కల, పైన ఉన్న సందుల్ని థర్మాకోల్‌తోనో ఫోమ్‌తోనో మూసేయాలి, లేకపోతే వెనక వేడెక్కిన గాలే చుట్టూ తిరిగి మళ్లీ కింది కంతలోంచి లోపలికే వస్తుంది. జడ్చర్ల నుంచి కొల్లాపూర్, సోమశిల వైపు తిరిగే బండ్లకి ఎర్రదుమ్ము కండెన్సర్ మీద మందంగా పేరుకుంటుంది. పెయింట్ బ్రష్‌తో మెల్లగా దులిపి బ్లోయర్ కొట్టండి, నీళ్లు మాత్రం కొట్టొద్దు, పక్కనే ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. బండి ఆపేటప్పుడు కూడా ఫ్రిజ్ ఉన్న వైపు సాయంత్రం ఎండ పడకుండా చూసుకోండి.

సమస్య: కంప్రెసర్ స్టార్ట్ అవుతుంది, కొన్ని సెకన్లకే ఆగిపోతుంది, బ్యాటరీ చూస్తే ఫుల్‌గానే ఉంటుంది

ఇక్కడ బ్యాటరీ దగ్గర వోల్టేజి చూసి లాభం లేదు. మల్టీమీటర్ (వోల్టేజి కొలిచే మీటరు) ముళ్లు ఫ్రిజ్ వెనక వైర్లు కలిసే టెర్మినల్స్ మీదే పెట్టి, కంప్రెసర్ అందుకునే క్షణంలో అంకె చూడండి. బ్యాటరీ దగ్గర 12.5 ఉండి అక్కడ 11కి పడుతుంటే దొంగ దొరికినట్టే.

లెక్క చూడండి. 2.5 ఎంఎం రాగి వైరుకి మీటరుకి సుమారు 7 మిల్లీ ఓమ్‌లు. బ్యాటరీ నుంచి ఫ్రిజ్ 5 మీటర్లుంటే పోనూ రానూ 10 మీటర్లు, అంటే 0.07 ఓమ్. ఫ్రిజ్ 5 ఆంపియర్లు లాగితే 0.35 వోల్టు పోతుంది. అదే వైరు మీద ఫ్యాను, నీళ్ల మోటారు కూడా కలిపి 10 ఆంపియర్లయితే 0.7. దీనికి సిగరెట్ లైటర్ సాకెట్లో లూజు కాంటాక్టు తోడైతే ఇంకా పడుతుంది. వాడుతుండగా ఆ ప్లగ్ చేతికి వేడిగా తగిలితే అక్కడే కరెంటు కాలిపోతోందని అర్థం.

చాలా ఫ్రిజ్‌లలో ఉండే సెకాప్ కంపెనీ బీడీ35 కంప్రెసర్ మామూలు సెట్టింగులో 10.4 వోల్టుల దగ్గర ఆగిపోతుంది, మళ్లీ 11.7 వచ్చేదాకా లేవదు. బోర్డుకి చిన్న ఎల్ఈడీ లైటు కలిపి ఉంటే అది మినుకుమనే లెక్క చూడండి: ఒకసారి అంటే వోల్టేజి, రెండు అంటే ఫ్యాన్, మూడు అంటే మోటారు స్టార్ట్ కావట్లేదు, నాలుగు అంటే మోటారు స్పీడు అందుకోవట్లేదు, ఐదు అంటే బోర్డు వేడెక్కింది. ఐదు వస్తే పైన చెప్పిన గాలి సంగతికే మళ్లీ వెళ్లాలి.

మందు ఒకటే, బ్యాటరీ నుంచి ఫ్రిజ్‌కి విడిగా 6 ఎంఎం వైరు, బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజు. నెగెటివ్‌ని ఛాసిస్‌కి కొట్టి వదిలేయకుండా అది కూడా వైరుతోనే బ్యాటరీ దాకా లాగించండి. ఆటో ఎలక్ట్రీషియన్ వైర్లు మెలిపెట్టి టేపు చుడతానంటే ఒప్పుకోకండి, వైరు కొసలకి లగ్గులు (రాగి మూతులు) పెట్టి క్రింప్ చేయమనండి, అంటే నొక్కి బిగించమనండి.

సమస్య: తెల్లారేసరికి బ్యాటరీ డౌన్

చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ తిరుగుతున్నప్పుడు సుమారు 45 వాట్లు లాగుతుంది అనుకుందాం. రోజులో సగం తిరిగితే 540 వాట్ అవర్లు. 12 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లెడ్ బ్యాటరీలో ఉండేది 1200 వాట్ అవర్లు, పాడవకుండా వాడుకోగలిగేది అందులో సగం, అంటే 600. సరిపోయినట్టే ఉంది, కానీ రోహిణి కార్తెలో ఫ్రిజ్ సగంతో ఆగదు కదా. అందుకే ముందు గాలి, వైరు సరిచేయండి, తర్వాతే సోలార్ ప్యానెల్ గురించి ఆలోచించండి. ఇంట్లో వాడే సింగిల్ డోర్ ఫ్రిజ్‌ని ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు ఇంకోటి గమనించాలి, ఫ్రిజ్ ఆగి ఉన్నా ఇన్వర్టర్ తన వంతు తింటూనే ఉంటుంది. అది స్క్వేర్ వేవ్‌ది అయితే కంప్రెసర్ గుయ్యిమంటూ వేడెక్కుతుంది, ప్యూర్ సైన్ వేవ్‌దే పెట్టండి.

సమస్య: ఐస్ గడ్డకడుతుంది, కింద మాత్రం చల్లగా ఉండదు

తలుపు రబ్బరు చూడండి. పది రూపాయల నోటు మధ్యలో పెట్టి తలుపు వేసి లాగితే కాస్త పట్టుకోవాలి, జారి వచ్చేస్తే అక్కడ గాలి దూరుతోంది. వేడి కూర గిన్నెలు పెట్టొద్దు. బయల్దేరే ముందురోజు రాత్రే ఇంటి కరెంటు మీద ఫ్రిజ్‌ని చల్లబరిచి, చల్లటి సామానే సర్దండి.

నిజంగా గ్యాస్ పోతే ఎలా తెలుస్తుంది

కంప్రెసర్ తిరుగుతూనే ఉంటుంది, కానీ వెనక జాలీ చేతికి వెచ్చగా కూడా తగలదు. లోపలి ప్లేటు మీద మంచు మొదట్లో ఒక మూలే పడుతుంది, మిగతాదంతా పొడిగా ఉంటుంది. పైపు అతుకుల దగ్గర నూనె జిడ్డు కనిపించవచ్చు. అప్పుడు కూడా లీకు మూయకుండా గ్యాస్ ఎక్కించుకోవద్దు, మళ్లీ పోతుంది. స్టిక్కర్ మీద ఆర్600ఎ అని ఉంటే అది మండే గ్యాస్, వ్యాన్ లోపల వెల్డింగ్ మంట పెట్టనివ్వకండి, ఫ్రిజ్‌ని బయటికి తీయించండి.

సిలిండర్ మీద నడిచే ఫ్రిజ్

దీంట్లో కంప్రెసర్ ఉండదు, అమ్మోనియా ద్రావణం తనంతట తాను కిందికి జారుతూ తిరగాలి, అందుకే బండి వాలుగా ఉంటే కూలింగ్ ఆగిపోతుంది. డిండి దాటి మన్ననూరు, శ్రీశైలం ఘాట్‌లో పోతున్నప్పుడు వాలు మారుతూ ఉంటుంది కాబట్టి ఫర్వాలేదు. ఆపి పడుకునేటప్పుడు మాత్రం చక్రాల కింద చెక్కలు పెట్టి లెవెల్ చూసుకోవాలి. ఇవి బయటి వేడి కంటే సుమారు 20, 25 డిగ్రీలే తగ్గించగలవు, కాబట్టి మన వేసవిలో పాలు, మాంసం వీటిని నమ్మి పెట్టకండి, ఏ రిపేరూ దాన్ని మార్చలేదు. పెట్రోల్ బంకులోకి వెళ్లే ముందు మంట తప్పకుండా ఆపండి. మంట నీలంగా ఉండాలి. పసుపు రంగులో ఊగుతుంటే జెట్‌లో (గ్యాస్ బయటికొచ్చే సన్న కంత ఉన్న ముక్కలో) దుమ్మో, పొగ గొట్టంలో మసో ఉంది, అలాగే నడిపితే విషవాయువు వస్తుంది. ఆపేసి విప్పించి శుభ్రం చేయించండి, జెట్‌లో సూది మాత్రం గుచ్చనివ్వకండి, కంత పెద్దదైతే ఇక ఆ జెట్ మార్చాల్సిందే.