కాలేయ వ్యాధి క్లినికల్ ట్రయల్‌లో చేరాలనుకుంటే

దీర్ఘకాలిక కాలేయ వ్యాధికి కొత్త మందును పరీక్షించే ట్రయల్‌లో చేరాలనుకునేవారు ముందుగా తమ ఫైబ్రోసిస్ (కాలేయంలో మచ్చలు ఏర్పడటం) ఏ దశలో ఉందో తెలిపే రిపోర్టులను సిద్ధం చేసుకోవాలి. అర్హత చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది. ఫ్యాటీ లివర్ ముదిరిన వారికోసం 2024 మార్చిలో అమెరికాలో అనుమతి పొందిన రెస్మెటిరోమ్ కూడా సిర్రోసిస్ (మచ్చలు బాగా ముదిరి కాలేయం గట్టిపడిన స్థితి) లేకుండా ఫైబ్రోసిస్ ఎఫ్2, ఎఫ్3 దశల్లో (మధ్యస్థం నుంచి తీవ్రం) ఉన్నవారికే ఉద్దేశించినది.

సమ్మతి పత్రాన్ని ఇంటికి తీసుకెళ్లి నిదానంగా చదవండి. ప్లాసిబో (అసలు మందు లేని ఉత్తుత్తి మందు) వచ్చే అవకాశం ఎంత, బయాప్సీ ఎన్నిసార్లు చేస్తారు, హాని జరిగితే చికిత్స ఖర్చు ఎవరు భరిస్తారు అన్న ప్రశ్నలకు స్పష్టమైన జవాబు రాకుండా సంతకం చేయకపోవడమే మేలు.

అందరూ భయపడేది బయాప్సీకే. సాధారణంగా కుడివైపు పక్కటెముకల మధ్య మత్తు ఇచ్చి, సన్నని సూదితో కాలేయపు చిన్న ముక్కను తీస్తారు. ఆ తర్వాత రక్తస్రావం లేదని నిర్ధారించుకోవడానికి కొన్ని గంటలు పడుకోబెట్టి నాడిని, రక్తపోటును గమనిస్తారు. కాబట్టి రక్తాన్ని పలచబరిచే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. సూది లేకుండా కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్‌కు మాత్రం కనీసం 3 గంటలు ఏమీ తినకుండా వెళ్తే చాలు.

మద్యం అలవాటును, మూలికా మందుల వాడకాన్ని దాచవద్దు (నిరపాయమనుకునే మూలికలు కూడా కాలేయాన్ని దెబ్బతీయగలవు). కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా తదుపరి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ట్రయల్ వైద్యులకు వెంటనే ఫోన్ చేయాలి. కారణం చెప్పకుండానే ఎప్పుడైనా తప్పుకోవచ్చు, అయితే చివరి భద్రతా పరీక్షలు చేయించుకుని వెళ్లడం మంచిది.