బాకులా కేటలాగ్ రీసెట్ చేసే ముందు ఒకసారి ఇది చదవండి

బాకులా ఒక బ్యాకప్ సాఫ్ట్‌వేర్, ఏ ఫైల్ ఏ టేప్‌లో ఉందో రాసిపెట్టుకునే దాని డేటాబేసే కేటలాగ్. దాన్ని నడిపే ప్రధాన ప్రోగ్రామ్ డైరెక్టర్ లేవడం లేదనో, బ్యాకప్ జాబులు వరసగా ఫెయిలవుతున్నాయనో టెన్షన్‌లో చాలామంది నేరుగా కేటలాగ్ తుడిచేస్తారు. ఆగండి, ముందు ఎర్రర్ మెసేజ్ చదవండి.

"వాంటెడ్ 16, గాట్ 15" అని వర్షన్ ఎర్రర్ వస్తే డేటాబేస్ పాడవలేదు. సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ అయింది, టేబుల్స్ పాతవే ఉండిపోయాయి, అంతే. డంప్ (డేటాబేస్ కాపీ) తీసుకుని అప్‌డేట్_బాకులా_టేబుల్స్ స్క్రిప్ట్ నడిపితే సరిపోతుంది.

"కుడ్ నాట్ ఓపెన్ కేటలాగ్" అంటే పోస్ట్‌గ్రెస్ (కేటలాగ్ ఉండే డేటాబేస్ సర్వర్) నడుస్తోందా, డిస్క్ నిండిందా, పాస్‌వర్డ్ మారిందా చూడండి. దిక్కులేని (దేనికీ చెందని) రికార్డులు పేరుకుపోతే శుభ్రం చేయడానికి డీబీచెక్ అనే టూల్ ఉంది.

డేటాబేస్ నిజంగానే పాడైపోయి, పాత డంప్ కూడా లేకపోతేనో, టెస్ట్ సర్వర్ అయితేనో రీసెట్‌కి దిగండి. పాడైనదాన్నైనా ముందు పీజీ_డంప్‌తో తీయగలిగినంత తీసి, కాన్ఫిగ్, బూట్‌స్ట్రాప్ (ఏ బ్యాకప్ ఎక్కడ ఉందో చెప్పే) ఫైళ్లతో పాటు వేరే మెషిన్‌లో పెట్టండి. తర్వాత డైరెక్టర్, స్టోరేజ్ డీమన్ (టేప్, డిస్క్‌ల మీద బ్యాకప్ రాసే ప్రోగ్రామ్) ఆపి, డ్రాప్_బాకులా_టేబుల్స్, మేక్_బాకులా_టేబుల్స్, గ్రాంట్_బాకులా_ప్రివిలేజెస్ ఇదే వరసలో నడపండి. మూడోది మర్చిపోతే పర్మిషన్ ఎర్రర్ వస్తుంది, మళ్లీ డేటాబేసే పోయిందనుకుంటారు. వర్కింగ్ డైరెక్టరీలో ఉన్న స్టేట్ ఫైళ్లు (ఆ ప్రోగ్రామ్‌ల పాత స్థితి దాచుకునేవి) కూడా తీసేసి సర్వీసులు స్టార్ట్ చేయండి.

అసలు చిక్కు ఇక్కడే. నేను మొదటిసారి రీసెట్ చేశాక "లిస్ట్ వాల్యూమ్స్" కొడితే ఒక్క వాల్యూమ్ (బ్యాకప్ రాసే టేప్ లేదా డిస్క్ ఫైల్) కూడా రాలేదు, అదే టేప్‌కి లేబుల్ వేయబోతే "ఆల్రెడీ లేబుల్డ్" అంది. కేటలాగ్‌కి తెలియకపోయినా టేప్ మీద లేబులూ, డేటా అలాగే ఉన్నాయి మరి! ఆ డేటా అక్కర్లేదని ఖాయంగా తెలిస్తేనే డిస్క్ వాల్యూమ్ అయితే ఫైల్ డిలీట్ చేయండి, టేప్ అయితే రివైండ్ చేసి ఎంటీ కమాండ్‌తో డబ్ల్యూఈఓఎఫ్ (టేప్ మీద ఫైల్ ముగింపు గుర్తు) కొట్టండి.

ఆ డేటా కావాలంటే మాత్రం బీస్కాన్ అనే టూల్ ఉంది: మైనస్ ఎస్, మైనస్ ఎమ్ ఆప్షన్లతో నడిపితే వాల్యూమ్ మొత్తం చదివి కేటలాగ్ రికార్డులు తిరిగి రాస్తుంది. ఒక జాబ్ రెండు మూడు వాల్యూమ్‌ల మీదికి పాకి ఉంటే వాటి పేర్లన్నీ రాసిన వరసలోనే కలిపి ఇవ్వండి. టైమ్ బాగా పడుతుంది, మధ్యలో ఆపకండి.

అయ్యాక ఒక చిన్న ఫైల్ రీస్టోర్ చేసి తెరిచి చూడండి. డీఫాల్ట్ కాన్ఫిగ్‌లో వచ్చే బ్యాకప్‌కేటలాగ్ జాబ్‌ని ఎవరైనా ఆపేసి ఉంటే, ఈ రాత్రికే మళ్లీ షెడ్యూల్‌లో పెట్టండి.