మూత తీశారా? మళ్లీ పరీక్షించాల్సిందే

ఇటీవల చెన్నైలో ఒక కాలేజీ ఈతకొలనులో మన తెలుగు విద్యార్థులు కట్టిన రోబో మూడు మీటర్ల లోతున మూగబోయింది. పైకి తీస్తే, ఎలక్ట్రానిక్స్ ఉంచే గొట్టం లాంటి డబ్బాలో సగానికి నీళ్లు. బోర్డు, కెమెరా, బ్యాటరీ అన్నీ పోయాయి. ముందురోజు రాత్రి వాక్యూమ్ పరీక్షలో, అంటే లోపలి గాలి లాగేసి లీకుందేమో చూసే పరీక్షలో, నెగ్గిన రోబోయే అది. తీరా కొలను గట్టున మెమరీ కార్డు మార్చడానికి మూత తీసి, అలాగే బిగించేశారు. మూత సందులోంచి నీళ్లు రాకుండా ఆపే రబ్బరు ఓ-రింగు మీద అడ్డంగా ఒక తలవెంట్రుక.

నా కళ్ల ముందు మునిగిన రోబోల్లో చాలావాటి కథ ఇదే. పరీక్షలో నెగ్గేది ఆ ఒక్క బిగింపు మాత్రమే. మూత తీశారంటే ఆ ఫలితం ఇక చెల్లదు.

మూత, రింగు: రెండు వేళ్లతో రింగును నొక్కి, ఉబ్బిన చోట పట్టి తీయండి. స్క్రూడ్రైవర్ మొన వద్దు. దారాలు రాలని గుడ్డతో గాడి తుడిచి, రింగును దీపం కింద చుట్టూ తిప్పి చూడండి. నైట్రైల్ రబ్బరు రింగుకు సిలికాన్ గ్రీజు మెరుపు కనిపించేంత చాలు. ముద్దగా పూస్తే ఇసుక అంటుకుంటుంది. తర్వాత చేతిపంపుతో పది అంగుళాల పాదరసం దాకా గాలి లాగి, పంపు మీటరు ముల్లు వెనక్కి జారుతుందేమో 15 నిమిషాలు కనిపెట్టండి. కొలను లోతు తక్కువేగా అని ధీమా వద్దు. నీటి పీడనం పెరిగేకొద్దీ రింగు గాడిలో గట్టిగా ఒదుగుతుంది. పైపైన ఆ సాయం ఉండదు.

కేబుళ్లు: కేబుల్ డబ్బాలోకి వెళ్లే చోట బయటి తొడుగు చుట్టూ ఎపాక్సీ (గట్టిపడే జిగురు) పోస్తే సరిపోదు. తొడుగు ఎక్కడ చిరిగినా నీళ్లు దాని లోపలి సందుల గుండా పాకి డబ్బాలోకి చేరతాయి. తొడుగు ఒలిచి, లోపలి ఒక్కో తీగ చుట్టూ ఎపాక్సీ చేరేలా పోయండి.

చెన్నై ఉక్కపోతలో మూత బిగించకండి, ఆ తేమే నీళ్లలో చెమ్మగా మారి లీకని భయపెడుతుంది. ఏసీ గదిలో, తేమ పీల్చే సిలికా జెల్ వేసి బిగించండి. అక్రిలిక్ గొట్టాన్ని అసిటోన్‌తో తుడవకండి, సన్నని పగుళ్లు పడతాయి. మొదట ఎలక్ట్రానిక్స్ లేని ఖాళీ డబ్బానే దింపండి. చెన్నై పల్లికరణైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) వాళ్లు 6,000 మీటర్ల లోతుకు మనుషుల్ని తీసుకెళ్లేందుకు కడుతున్న జలాంతర వాహనం మత్స్య-6000ను కూడా 2025 మొదట్లో కాట్టుపల్లి రేవులోనే ముందు దింపి చూశారు. గీత పడిన రింగు పారేయండి. గట్టున మూత తీయకండి. తీశారా, మళ్లీ పంపు, మళ్లీ 15 నిమిషాలు. పోటీ సమయం మించిపోతున్నా సరే. నీళ్లు చొరబడిన డబ్బాలో లిథియం బ్యాటరీ ఉంటే గదిలోకి తేవద్దు, లోపల వాయువు నిండి మూత ఎగిరిపడవచ్చు. అందరినీ దూరం పంపండి. దాని మీదికి వంగవద్దు.