పాత నెగెటివ్‌ల స్కానింగ్ – నాలుగో పాఠం: ఫిలింని తడిపి అతికించడం

పోయిన పాఠం చివర మీకో పని చెప్పాను. ఒక నెగెటివ్‌ని మామూలు హోల్డర్‌లో పెట్టి, 2400 డీపీఐలో (అంగుళానికి అన్ని చుక్కలు) స్కాన్ చేసి, ఆ ఫైల్‌కి ఏ మెరుగులూ దిద్దకుండా దాచమన్నాను. ఈ రోజు అది అవసరం. ఇంకా చేయకపోతే ముందు ఆ పని చేసి రండి, పోల్చి చూసుకోవడానికి పొడి స్కాన్ లేకపోతే ఈ పాఠం సగమే అర్థమవుతుంది.

నేను తీసుకున్నది మా నాన్న అగ్ఫా క్లిక్ త్రీ కెమెరాతో తీసిన ఫొటో. ఊటీలో తయారైన ఇందు బ్లాక్ అండ్ వైట్ ఫిలిం, 120 సైజు, చదరపు ఫ్రేము. నాయనమ్మ బావి గట్టు పక్కన నిలబడి ఉంటుంది. ఆ నెగెటివ్‌లన్నీ ఏళ్ళ తరబడి ఒక రేకు డబ్బాలో ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. పొడి స్కాన్‌లో నాయనమ్మ ఎడమ చెంప మీదుగా చెవి దాకా వెంట్రుకంత తెల్ల గీత, చీర అంచు దగ్గర బూజు మచ్చ, ఆకాశంలో నూనె తెట్టులా వంకర టింకర వలయాలు.

సాఫ్ట్‌వేర్‌లో గీతలు తీసేసే డిజిటల్ ఐస్ ఉంది కదా అంటారు. అది పరారుణ కాంతితో పని చేస్తుంది. కలర్ ఫిలింలోని రంగులు ఆ కాంతిని వదిలేస్తాయి, దుమ్మూ గీతలూ అడ్డుకుంటాయి, అలా తేడా పట్టుకుంటుంది. బ్లాక్ అండ్ వైట్ ఫిలింలో బొమ్మే వెండి. వెండి కూడా ఆ కాంతిని అడ్డుకుంటుంది కాబట్టి బొమ్మనే మురికి అనుకుని చెరిపేస్తుంది. మన ఇళ్ళలోని పాత నెగెటివ్‌లలో చాలావరకు బ్లాక్ అండ్ వైట్‌వే. అందుకే ఫిలింకీ అద్దానికీ మధ్య ఒక ద్రవం నింపి స్కాన్ చేసే ఈ తడి పద్ధతి మనకి అంత ముఖ్యం.

తడిపితే గీత ఎలా పోతుంది? బజ్జీలు కట్టిన కాగితాన్ని వెలుతురుకి ఎత్తి చూడండి. నూనె అంటిన చోట అవతలి వైపు కనిపిస్తుంది. పొడి కాగితంలో పీచుల మధ్య గాలి ఉంటుంది. పీచు దగ్గరా గాలి దగ్గరా వెలుగు మాటిమాటికీ విరిగి చెదిరిపోతుంది. నూనె ఆ ఖాళీల్లోకి దిగితే చెదరడం తగ్గి వెలుగు నేరుగా వెళ్తుంది. గీత కూడా గాలి నిండిన చిన్న కాలువే. వెలుగుని ఎంత వంచుతుందో చెప్పే అంకె వక్రీభవన గుణకం. గాలిది 1, ఎసిటేట్ ఫిలింది సుమారు 1.48, అద్దానిది 1.52. మనం పోసే ద్రవం, అంటే స్కానింగ్ ఫ్లూయిడ్‌ది 1.4 దరిదాపుల్లో ఉంటుంది. ఆ కాలువలో ఫ్లూయిడ్ నిండితే వెలుగుకి అక్కడ గీత ఉన్నట్టే తెలియదు. ఆకాశంలో కనిపించిన ఆ వలయాలు న్యూటన్ రింగులు. ఫిలింకీ అద్దానికీ మధ్య ఉన్న సన్నని గాలి పొర వల్ల వస్తాయి. గాలి పోతే అవీ పోతాయి. పైగా చుట్ట చుట్టుకునే ఫిలిం అద్దానికి బల్లపరుపుగా అతుక్కుంటుంది కాబట్టి ఫోకస్ మూలల దాకా ఒకేలా ఉంటుంది.

ఒక మాట ముందే చెప్పాలి. పోయేవి నున్నగా మెరిసే బేస్ వైపు, అంటే ఫిలిం వీపు వైపు గీతలు. రెండో వైపు బొమ్మ ఉండే పొర, ఎమల్షన్, గీరుకుపోయి వెండే ఊడిపోయి ఉంటే అక్కడ బొమ్మే లేదు, ఏ ద్రవం పోసినా తిరిగి రాదు.

కావలసినవి చూద్దాం. అంచులు అరగదీసిన 2 మి.మీ. ఫొటో ఫ్రేము అద్దం, ఫిలిం కన్నా అన్ని వైపులా రెండంగుళాలు పెద్దది. స్కానింగ్ కోసమే అమ్మే మైలార్ షీట్, అంటే పారదర్శక ప్లాస్టిక్ షీట్. స్కానింగ్ ఫ్లూయిడ్, కామి లాంటిది. గాజు డ్రాపర్, నైట్రైల్ గ్లవ్స్, పీచు రాలని టిష్యూలు, పాత ఏటీఎం కార్డులు. ఫ్లూయిడ్ బదులు నీళ్ళు, కొబ్బరినూనె, పెట్రోలు అని ప్రయోగాలు చేయకండి. ముఖ్యంగా నీళ్ళు: ఎమల్షన్‌లో వెండిని పట్టి ఉంచే జెలటిన్ బూజు తింటే నీళ్ళలో కరిగిపోతుంది, దాంతోపాటు బొమ్మా పోతుంది.

ఫ్లూయిడ్ త్వరగా ఆవిరై, త్వరగా అంటుకునే రకం. కిటికీలు తెరవండి. ఆ గదిలో పొయ్యే కాదు, అగరుబత్తి, దోమల కాయిల్ కూడా వద్దు. ఫ్యాన్ ఆపేయండి, అది దుమ్ము తెచ్చి పోస్తుంది. పిల్లల్ని రానివ్వకండి.

మొదటిసారి పనికిరాని నెగెటివ్‌తోనే చేయండి, నల్లగా మాడిపోయినదో ఖాళీ ఫ్రేమో. పని స్కానర్ మీద కాదు, బల్ల మీద. నేను మొదట్లో నేరుగా స్కానర్ అద్దం మీదే పోశాను. ఎక్కువైన ఫ్లూయిడ్ అంచు సందులోంచి లోపలికి దిగి, లోపలి వైపు మరక కట్టింది. దాన్ని విప్పించి తుడిపించేదాకా మనసు మనసులో లేదు.

బల్ల మీద అద్దం పెట్టి మధ్యలో ఏడెనిమిది చుక్కలు వేయండి. ఫిలింని ఎమల్షన్ వైపు అద్దానికి తగిలేలా ఒక అంచు ముందు ఆనించి, మిగతాది మెల్లగా వాల్చండి. ఒక్కసారిగా వదిలితే గాలి కింద చిక్కుకుంటుంది. ఇప్పుడు ఫిలిం వీపు మీద మళ్ళీ అన్నే చుక్కలు. మైలార్‌ని కూడా అలాగే ఒక అంచు నుంచి వాల్చండి. ఫ్లూయిడ్ దాని కింద నాలుకలా ముందుకు పాకుతుంది. ఆ తడి అంచు ఎంత వేగంతో నడుస్తుందో మీ చెయ్యి అంతే వేగంతో దిగాలి. ఈ పనిలో చేతికి అబ్బాల్సిన నేర్పంతా ఇక్కడే ఉంది, ఐదారు సార్లు చేస్తే గానీ రాదు.

బుడగలు ఉంటే టిష్యూ చుట్టిన వేలితో మధ్య నుంచి అంచుకి తోయండి. నొక్కకండి, నడిపించండి. మొండి బుడగ కదలకపోతే మైలార్‌ని ఆ మూల దాకా ఎత్తి, ఒక చుక్క వేసి మళ్ళీ వాల్చండి. అంచుల దగ్గర పొంగినది టిష్యూకి పీల్చనివ్వండి. చివరికి మైలార్ నాలుగు అంచులూ అద్దానికి టేపుతో అతికించండి.

ఇక ఎత్తు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఎప్సన్ వి700, వి750, వి800, వి850 స్కానర్లలో హోల్డర్‌తో స్కాన్ చేసే లెన్సు అద్దం మీద కాదు, దానికి పైన సుమారు 3 మి.మీ. దగ్గర ఫోకస్ చేస్తుంది. వి750 ప్రోతో ఫ్లూయిడ్ ట్రే వచ్చేది. అది లేనివాళ్ళు అద్దాన్ని తిప్పి, మైలార్ కిందికి చూసేలా, నాలుగు మూలలా ఏటీఎం కార్డుల మీద ఆనించండి. ఒక్కో కార్డు మందం 0.76 మి.మీ., కాబట్టి నాలుగు కలిపితే 3 మి.మీ. పైచిలుకు. మూడుతో ఒకటి, నాలుగుతో ఒకటి స్కాన్ చేసి ఫిలిం గింజలు ఎందులో పదునుగా ఉన్నాయో చూడండి. సన్న తేడాకి జిరాక్స్ కాగితం ముక్కలు వేయండి, ఒక్కోటి 0.1 మి.మీ. మీ స్కానర్‌కి కుదిరిన ఎత్తు కాగితం మీద రాసి మూతకి అతికించండి. స్కానర్ అద్దం పై కొసన ఉండే క్యాలిబ్రేషన్ పట్టీకి కార్డూ టేపూ అడ్డం రాకూడదు, వస్తే బొమ్మంతా నిలువు చారలే.

16 బిట్ గ్రేలో, 2400 డీపీఐలో, షార్పెనింగ్ ఆపేసి స్కాన్ చేయండి. చదరపు ఫ్రేము పక్కకి 5300 పిక్సెళ్ళు వస్తుంది, ఫైల్ 56 ఎంబీ దాకా. డబ్బా మీద 6400 అని ఉన్నా ఈ స్కానర్లు నిజంగా పట్టే వివరం 2400 దరిదాపుల్లోనే ఆగుతుంది. ఆలస్యం చేయకండి, ఎండాకాలంలో అంచుల నుంచి ఎండటం త్వరగా మొదలవుతుంది.

అయ్యాక మైలార్ ఊడదీసి, ఫిలింని అంచు పట్టి మెల్లగా లేపి, క్లిప్‌కి తగిలించండి. పూర్తిగా ఆరాకే కవర్‌లో పెట్టాలి. వెనిగర్ వాసన కొడుతూ, ఎమల్షన్ పొరలు లేస్తున్న ఫిలింకి ఈ పద్ధతి అసలు వద్దు. గీతల్లేని కలర్ నెగెటివ్‌కీ అక్కర్లేదు. ఒక్కో ఫ్రేముకి పావుగంట పడుతుంది కాబట్టి డబ్బా మొత్తానికి కాదు, మీకు ప్రాణమైన పదింటికి చేయండి.

నా స్కాన్‌లో నాయనమ్మ చెంప మీది గీత పోయింది, కింద ముడతలు కనిపించాయి, చెవికి పెట్టుకున్న దుద్దు రాయి కూడా. ఆకాశంలో వలయాలు లేవు. చీర అంచు మీది బూజు మచ్చ మాత్రం అలాగే ఉంది, అది ఎమల్షన్‌ని తినేసింది.

ఈ వారం పని: అదే నెగెటివ్‌ని తడి పద్ధతిలో స్కాన్ చేసి, పొడి ఫైల్ పక్కన వంద శాతం సైజులో పెట్టి చూడండి. పోయిన గీతలు ఏవో, మిగిలినవి ఏవో ఒక కాగితం మీద గుర్తు పెట్టుకోండి. ఆ మిగిలినవాటిని చేత్తో రిటచ్ చేయడం అయిదో పాఠం.